ఆదివారపు శ్రోత
(బందా కనకలింగేశ్వరరావు గారి స్మృతిలో ఏలూరులో చేసిన ఉపన్యాసం)



బందా కనకలింగేశ్వరరావు గారు 1907లో కొల్లేటి అంచున ఉన్న ఆటపాకలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి ఈ ఊళ్లోనే ప్లీడరీ చేశారు. ఇక్కడే ప్రభాత్ థియేటర్ నెలకొల్పారు. బిల్వమంగళుడిగా, బాహుకుడిగా ఆయన పద్యం విన్నవారు ఆ రాగాన్ని జీవితాంతం చెప్పుకున్నారు. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రాన్ని నడిపి, ఆ నాట్యానికి శాస్త్రీయ గౌరవం దక్కాలని వాదించారు. 1968 డిసెంబరు 3న కన్నుమూశారు. ఇవన్నీ ఈ వేదిక మీద పలుమార్లు వినిపించిన సంగతులే. వీటి నడుమ తక్కువగా చెప్పుకునే అధ్యాయం ఒకటి ఉంది. రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, వేలమంది కళ్లెదుట నిలబడ్డ ఆ నటుడు విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో నాటక ప్రయోక్తగా పనిచేశారు. కిరీటం కనబడని చోట, చప్పట్లు వినబడని చోట నాటకం ఎలా నిలుస్తుందో ఆయన తేల్చుకోవలసి వచ్చింది. నేను ఆ అధ్యాయం నుంచే బయలుదేరుతున్నాను.

నా ప్రతిపాదన ఒక్కటే. ఆకాశవాణి ఆదివారం ఈ సీమలో వినే హక్కును అంతకుముందు ఏ గుడీ, ఏ సభా, ఏ నాటకశాలా పంచనంత విస్తారంగా పంచింది. పలికే హక్కును మాత్రం అదే ధారాళతతో పంచలేదు. ఈ రెంటి నడుమ ఉన్న ఎడాన్ని కొలవకుండా రేడియో యుగాన్ని స్వర్ణయుగమని తలుచుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ ఎడాన్ని మాత్రమే చూసి ఆ యుగాన్ని తీసిపారేయడం కూడా అంతే అన్యాయం.

ముందు ఆదివారం సంగతి. ఈ డెల్టాకు ఆదివారం పుట్టుకతో వచ్చిన సెలవు కాదు. వ్యవసాయానికి ఏరువాక పున్నమి ఉంది, కనుమ ఉంది, అమావాస్యనాడు నాగలి కట్టని ఆచారం ఉంది. ఏడు రోజులకొకమారు పని ఆపే అలవాటు లేదు. కొల్లేటిలో వల వేసేవాడికి చేప పడే రోజే పనిరోజు. ఆదివారం మన జీవితంలోకి కచేరీ ద్వారా, బడి ద్వారా, మిల్లు ద్వారా, చర్చి ద్వారా వచ్చింది. బొంబాయి మిల్లు కార్మికులకు వారానికొక సెలవు నారాయణ మేఘాజీ లోఖండే ఉద్యమం వల్ల 1890లో దక్కింది. ఒంగోలు బాప్టిస్టు మిషన్ చరిత్ర చదివితే, ఆదివారం పనికి రాలేమన్న మాదిగ క్రైస్తవుల మీద భూస్వాములు ఎంత మండిపడ్డారో తెలుస్తుంది. కూలివాడు తన రోజును తనదని చెప్పుకున్న మొదటి సందర్భాల్లో అదొకటి. డెల్టా పల్లెల్లో కథ వేరుగా నడిచిందనుకోవడానికి నాకు కారణం కనబడదు. గుమాస్తాకు విశ్రాంతిగా, పాలేరుకు పోరాటంగా, పిల్లవాడికి ఆటగా వచ్చిన ఈ రోజు అందరికీ ఒకే రోజు కావడానికి చాలా కాలం పట్టింది. అందులో రేడియోకు కొంత వాటా ఉంది.

రేడియో రాకముందు ఇక్కడ ప్రసంగానికి ఒక చోటు, నాటకానికి ఒక చోటు, ఆరాధనకు ఒక చోటు ఉండేవి. ప్రసంగం గ్రంథాలయ వార్షికోత్సవాల్లోనూ రాజకీయ సభల్లోనూ జరిగేది. చదువుకున్నవాడు ముందు వరసలో కూర్చునేవాడు. నాటకానికి టిక్కెట్టు ఉండేది. మర్యాద గల ఇంటి స్త్రీ నాటకశాలకు వెళ్లడం మీద ఆంక్ష ఉండేది. ఆరాధన సంగతి చెప్పనే అక్కరలేదు. హరిజనుల ఆలయ ప్రవేశానికి మద్రాసు ప్రభుత్వం సంపూర్ణంగా చట్టం చేసింది 1947లో. అంతవరకు గుళ్లో పురాణ కాలక్షేపం జరుగుతుంటే పల్లె నుంచీ, పేట నుంచీ వచ్చినవాడు ప్రాకారం బయట నిలబడి వినవలసిందే. క్రైస్తవం ఈ సీమలో అప్పటికే పాతది. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురాన్ని తమ కేంద్రం చేసుకున్నారు. 1854లో ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం వెలసింది. ఆ చర్చి తలుపు పేటకు తెరిచే ఉంది గాని, ఊరి పెద్దమనిషి దానిలో అడుగుపెట్టేవాడు కాదు. గుడికీ చర్చికీ మధ్య దూరం ఒక వీధే అయినా, ఒకరి పాట ఒకరు కూర్చుని విన్న సందర్భం అరుదు.

ఈ స్థితిలో రేడియో వచ్చింది. 1924లో మద్రాసులో ఔత్సాహికులు పెట్టుకున్న రేడియో క్లబ్బుతో దక్షిణాదిన ప్రసారాల కథ మొదలైంది. 1935లో బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్ ఢిల్లీకి వచ్చాడు. మరుసటి ఏడు జూన్‌లో ఆలిండియా రేడియో అన్న పేరు స్థిరపడింది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం మొదలైనప్పుడు తెలుగువారి గొంతు కూడా అక్కడి నుంచే పలికింది. ఆచంట జానకిరామ్ గారి వంటివారు ఆ తొలి దశలో తెలుగు కార్యక్రమాలకు రూపురేఖలు దిద్దారు. నైజాములో దక్కన్ రేడియో 1935లోనే ఉన్నా, ఆ గొంతు అధికశాతం ఉర్దూది. తీరాంధ్రకు తనదంటూ ఒక కేంద్రం 1948 డిసెంబరు 1న విజయవాడలో వచ్చింది. ఆలయ ప్రవేశ చట్టం వచ్చిన మరుసటి ఏడే అన్నది గమనించదగ్గ సంగతి. చట్టం గుడి తలుపు తెరవమన్నది. ఎన్ని ఊళ్లలో తెరిచారో మీకు తెలుసు. రేడియోలో సుప్రభాతానికి, పురాణానికి తెరవవలసిన తలుపే లేదు.

అయితే రేడియో పెట్టెకు కూడా ఒక గుమ్మం ఉండేదని మరిచిపోకూడదు. తొలినాళ్లలో అది వాల్వుల సెట్టు. కరెంటు లేని ఊళ్లో బరువైన బ్యాటరీతో నడిచేది. ఇంటిమీద ఏరియల్ తీగ, ఏటేటా పోస్టాఫీసులో కట్టే లైసెన్సు. ఆ ఖర్చు భరించగలిగినవారి అరుగు మీదే ఊరు వినేది, ఎవరి చోటు ఎక్కడో ఆ అరుగే చెప్పేది. పంచాయతీ రేడియో లౌడ్‌స్పీకరు వచ్చాక వినికిడి వీధిలోకి నడిచింది. అరవైల చివర, డెబ్బైల్లో ట్రాన్సిస్టరు చవకైన తర్వాతే అది పేటలోకి, చేలగట్టు మీదికి, కొల్లేటిలో తాటిదోనె మీదికి చేరింది. కాబట్టి శ్రోతల పరిధి 1948లో ఒక్కసారిగా విశాలం కాలేదు. అందుకు ఇరవై ఏళ్లు పట్టింది. విజయవాడ నుంచి ఏలూరు సుమారు అరవై కిలోమీటర్లు, మధ్యతరంగాలకు అది ఒక దూరమే కాదు. తరంగం వచ్చిన ఎంతో కాలానికి గాని పెట్టె రాలేదు.

ఉదయపు భక్తిరంజనితో రోజు మొదలయ్యేది. ఆ కార్యక్రమాన్ని తీర్చిదిద్దినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు మన నిడదవోలు బిడ్డ. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి గొంతులో వినిపించిన స్వాతంత్ర్య గీతం ఆయనదే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు వంటివారి గాత్రంలో తత్వాలు, అష్టపదులు, రామదాసు కీర్తనలు ఇంటింటికీ వెళ్లాయి. గుడిలో కీర్తనలు, అష్టపదులు కొందరి సొత్తు, బైరాగుల తత్వాలు మరికొందరి సొత్తు. రేడియో వాటిని ఒకే వరసలో, ఒకే గౌరవంతో పేర్చింది. వాటి పక్కనే క్రైస్తవ భక్తిగీతాలకు, ఇస్లాం భక్తిగీతాలకు వంతు ఇచ్చింది. ఈ వంతులు కంటితుడుపని విమర్శించినవారున్నారు. నేను అంగీకరించలేను. అగ్రహారపు ఇంట్లో కాఫీ కాస్తున్న ఇల్లాలు రేడియో కట్టకుండా ఒక క్రీస్తు గీతం వింది, పేటలో ఒక కుటుంబం చర్చికి బయలుదేరుతూ త్యాగరాజును వింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు, ఎవరూ ఎవరి గడపా తొక్కలేదు. మతసామరస్యం గురించి చేసిన ఉపన్యాసాలన్నీ కలిసి ఆ పావుగంట చేసినంత పని చేశాయో లేదో నాకు సందేహమే.

తర్వాత ప్రసంగం. పది పదిహేను నిమిషాల నిడివి, ముందుగా రాసి ఇచ్చిన ప్రతి, ఎర్రదీపం, గోడ గడియారం. మైదానంలో వేలమందిని ఊపిన వక్తలు ఆ గదిలో తడబడ్డారు. ఎదుట జనం లేరు, ఉన్నది ఒక్క చెవి. ఆ చెవికి అరుపు అక్కరలేదు. ఈ రహస్యం తెలిసినవారిలో బుచ్చిబాబు గారిని ముందు చెప్పుకోవాలి. ఆ కలంపేరుతో రాసిన శివరాజు వెంకట సుబ్బారావు గారు 1916లో ఈ ఏలూరులోనే పుట్టారు. 'చివరకు మిగిలేది' రాసిన చేతితోనే రేడియోకు నాటికలు, ప్రసంగాలు రాశారు. 1967లో మరణించేవరకు రేడియో ఉద్యోగంలోనే ఉన్నారు. తనలో తాను మాట్లాడుకునే మనిషిని తెలుగు నవలలోకి తెచ్చిన రచయితకు, ఒక్కరితో ఒక్కరు మాట్లాడే మాధ్యమం తటస్థపడటం తెలుగు వచనానికి కలిసివచ్చిన అదృష్టం. సభలో పనికిరాని సందేహస్వరం, ఆగి ఆలోచించే వాక్యం, వాదించకుండా విప్పి చెప్పే పద్ధతి రేడియో ప్రసంగంలో బతికాయి. వ్యావహారికం కోసం గిడుగు వారు చేసిన పోరాటం పాఠ్యపుస్తకాల్లో గెలవకముందే ఈ గదిలో చాలావరకు గెలిచింది. మైకు ముందు గ్రాంథికం చదివితే ఎలా ఉంటుందో విన్నవారికి వేరే వాదం అక్కరలేకపోయింది.

ప్రసంగానికి మరో వైపు కూడా చూడాలి. ప్రతిని కేంద్రం ముందుగా చూసేది. ఏ మతాన్నీ, ఏ వర్గాన్నీ కించపరచరాదన్నది ఆకాశవాణి నియమావళిలో ఒక సూత్రం. పార్టీ రాజకీయాలకు చోటు ఉండేది కాదు. ఆ కట్టుబాటు వల్లనే మూడు మతాల గీతాలు ఒకే ఉదయం పక్కపక్కన నిలవగలిగాయి. ఆ కట్టుబాటు వల్లనే భూమి గురించి, కూలి గురించి, కులం గురించి నిష్ఠురమైన మాట ఆదివారం వినబడలేదు. ఒక వరం, ఒక లోపం ఒకే వేరు నుంచి వచ్చాయి.

ఇక నాటకం. ఆదివారానికి ప్రాణం అదే. గోదావరి జిల్లాల్లో నాటకమంటే పద్యం, పద్యమంటే హార్మోనియం. తిరుపతి వెంకటకవుల్లో తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గరి యండగండి. వారి ఉద్యోగవిజయాల పద్యాలు రానివాడు ఈ సీమలో నటుడే కాడు. శ్రుతి పెట్టె ఊపిరి పోసుకోగానే కృష్ణుడు రాగం అందుకుంటాడు, ఒన్స్‌మోర్ అనగానే పద్యం రెండోసారి కొత్త సంగతులతో వస్తుంది. ఇదే హార్మోనియం హరికథలో ఉంది, చర్చిలో కీర్తనకు ఉంది. అంటే నాటకశాల, గుడి మండపం, చర్చి, ఈ మూడింటా ఉమ్మడిగా మోగిన వాద్యం అదొక్కటే. సరిగ్గా ఆ వాద్యానికే 1940లో ఆలిండియా రేడియో తలుపు మూసింది. స్థిరమైన మెట్లమీద పలికే ఆ పెట్టె గమకానికి పనికిరాదని సంగీత శాస్త్రజ్ఞుల అభియోగం. 1971లో గాని ఆ నిషేధం కొంతైనా సడలలేదు. బందావారు విజయవాడలో నాటక ప్రయోక్తగా ఉన్న కాలమంతా ఆ నిషేధంలోనే గడిచింది. తనను పెంచిన పద్యనాటకాన్ని, దాని ఊపిరి అయిన వాద్యం లేకుండా నడపవలసి రావడం ఆయనకెంత కష్టమో ఊహించవచ్చు.

అయితే కళలో ఒకచోట కోత పడితే మరోచోట మొలక వేస్తుంది. ఒన్స్‌మోర్ అనే జనం లేనందువల్ల రాగం కుదించుకుంది, అర్థం పైకి తేలింది. పద్యం పాడేవాడి కన్నా మాట చెప్పేవాడికి విలువ హెచ్చింది. చిలకమర్తివారి 'గణపతి'కి విజయవాడ కేంద్రం ఇచ్చిన రూపం అందుకు ఉదాహరణ. ఖండవల్లిలో పుట్టిన ఆ రచయిత సృష్టించిన ప్రహసన లోకాన్ని నండూరి సుబ్బారావు గారు తన గొంతుతో కళ్లముందు నిలబెట్టారు. ఆ నాటకం విన్న తరానికి గణపతి అంటే ఒక ముఖం కాదు, ఒక స్వరం. మరో మార్పు ఇంతకన్నా లోతైనది. రంగస్థలం మీద స్త్రీ పాత్రలను మగవారు వేయడం మనకు దీర్ఘకాలపు ఆచారం. చీర, నగలు, రంగు ఆ మాయను సాధించేవి. మైకు చీరను చూడదు. రేడియో నాటకానికి స్త్రీ గొంతు కావాలి, స్త్రీయే రావాలి. విద్యావంతులైన గృహిణులు, ఉద్యోగినులు స్టూడియోకు వచ్చి నటించి ఇంటికి వెళ్లారు. నటి అన్న మాట మీద వేసిన మచ్చ ఆ గదిలో చాలామటుకు చెరిగిపోయింది. నాటకశాలకు వెళ్లే వీలు లేని ఇల్లాలు వంటింట్లో కూర్చుని నాటకం వినడం ఎంత మార్పో, ఆమె పొరుగింటి స్త్రీ ఆ నాటకంలో పలకడం అంతకు మించిన మార్పు.

ఇక్కడ ఒక విదేశీ ముచ్చట చెబితే మన విశిష్టత బోధపడుతుంది. బీబీసీని తీర్చిదిద్దిన జాన్ రీత్ నిష్ఠాపరుడైన క్రైస్తవుడు. ఆయన హయాంలో బ్రిటన్‌లో రేడియో ఆదివారమంటే ఆరాధన, గంభీర సంగీతం, గంభీర ప్రసంగం. కులాసా కోరిన శ్రోతలు ఆ రోజు లక్సెంబర్గ్ కేంద్రానికి ముల్లు తిప్పుకునేవారు. 1941 డిసెంబరులో, ఒక ఆదివారం నాడు, డొరతీ సేయర్స్ రాసిన 'ది మాన్ బార్న్ టు బి కింగ్' అనే పన్నెండు నాటకాల వరస మొదలైంది. క్రీస్తు జీవితమే వస్తువు. ఒక నటుడు క్రీస్తు మాటలు పలకడం దైవదూషణ అని ఆ దేశంలో పెద్ద గొడవ లేచింది. అక్కడి రంగస్థలం మీద దైవాన్ని పాత్రగా చూపడం అప్పటికి నిషిద్ధం. ప్రార్థన వేరు, నాటకం వేరు అని వారు కట్టుకున్న గోడ అంత ఎత్తయినది. మన సంగతి చూడండి. యక్షగానంలో దేవుడు పద్యం పాడతాడు, భామాకలాపంలో సత్యభామ చేతిలో మాటలు పడతాడు, కృష్ణ పాత్రధారికి జనం మొక్కుతారు, మరుక్షణం అతని రాగాన్ని తప్పుపడతారు. కాబట్టి ఆకాశవాణి ఆదివారంలో రాముడి గొంతు వినబడితే ఎవరూ ఉలిక్కిపడలేదు. 1978లో 'కరుణామయుడు' సినిమాలో విజయచందర్ క్రీస్తుగా కనబడితే ఈ జిల్లాల్లో క్రైస్తవులూ కానివారూ కూడా బళ్లు కట్టుకుని వెళ్లి చూశారు. బీబీసీ నమూనాలో పుట్టిన సంస్థ బీబీసీ ఆదివారాన్ని ఇక్కడ పాటించలేకపోయింది. ఇక్కడి వినికిడి సంస్కారం దాన్ని లొంగదీసుకుంది.

ఒకటి మాత్రం దాచకూడదు. విజయవాడ కేంద్రం మొదలైన రోజుల్లోనే మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనల మీద విరుచుకుపడింది. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' నిషేధానికి గురైంది. ఆ మండలి పల్లెల్లో నిలబెట్టిన నటులు, బుర్రకథకులు చాలామంది పేట నుంచీ పొలం నుంచీ వచ్చినవారు. ఒక తలుపు తెరుచుకుంటున్న వేళ మరొకటి మూసుకుంది. రేడియో నాటకం దాదాపు చదువుకున్న కుటుంబాల నాటకంగా ఎదగడానికి ఈ కాలసంధి కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

శ్రోత తిరిగి మాట్లాడగలిగిన చోటు ఒకటుంది. ఉషశ్రీ గారి 'ధర్మసందేహాలు'. ఉషశ్రీ కలంపేరు గల పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు 1928లో నాటి పశ్చిమగోదావరి జిల్లా కాకరపర్రు అగ్రహారంలో పుట్టారు. రామాయణ, భారత, భాగవతాలను ఆయన రేడియోలో చెప్పిన తీరు కాలక్షేపపు పంతులుగారిది కాదు. శ్లోకాన్ని అడ్డం పెట్టుకోకుండా, ఇంటి పెద్ద గదమాయించినట్టు, నేరుగా వాడుక తెలుగులో చెప్పేవారు. డెబ్బైల్లో ఆదివారం మధ్యాహ్నం ఆయన కార్యక్రమం వచ్చే వేళకు వీధులు పలచబడేవని చెప్పేవారు ఈ సభలోనే ఉంటారు. ఆ కార్యక్రమానికి ముడిసరుకు ఉత్తరాలు. ఎవరైనా అడగవచ్చు. గుళ్లో కాలక్షేపం వింటూ పౌరాణికుణ్ణి ప్రశ్నించాలంటే ముందు వరసలో కూర్చునే అర్హత ఉండాలి, సభలో లేచే ధైర్యం ఉండాలి. కార్డు ముక్కకు ఆ రెండూ అక్కరలేదు. కర్ణుడికి జరిగింది న్యాయమా, సీత అడవికి వెళ్లడం ధర్మమా, వాలిని చెట్టు చాటు నుంచి కొట్టవచ్చునా వంటి ప్రశ్నలు మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. అవి గొణుగుడుగా ఉండిపోయాయి. ఇప్పుడు వాటికి ఒక చిరునామా దొరికింది, ఊరందరి ఎదుటా జవాబు దొరికింది. ఆ జవాబుల్లో కొన్నింటితో నాకు పేచీ ఉంది. కులధర్మం, స్త్రీధర్మం దగ్గర అవి తరచు పాత గట్టునే పట్టుకున్నాయి. అయినా ప్రశ్నను గౌరవించడమన్నది ఆదివారానికి ఆయన చేర్చిన కొత్త మర్యాద.

ఇదే కాలంలో ఆకాశవాణికి బయట మరో ఆదివారం నడుస్తూ ఉంది. చరిత్రలు దాన్ని పట్టించుకోవు. 1970లో హిందూమహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుంచి ఫీబా అనే క్రైస్తవ సంస్థ హ్రస్వతరంగాల మీద ప్రసారాలు మొదలుపెట్టింది. 1978 నుంచి శ్రీలంకలోని పుత్తలంలో ట్రాన్స్ వరల్డ్ రేడియో శక్తిమంతమైన మధ్యతరంగ ప్రసారిణి పనిచేసింది. మనీలా నుంచి కతోలికుల రేడియో వెరితాస్ ఆసియా పలికింది. వీటన్నింటా తెలుగు ఉంది. ఏలూరు కతోలిక మేత్రాసనం 1976లో ఏర్పడిన ఆ దశాబ్దంలో ఈ జిల్లా పేటల్లో ట్రాన్సిస్టరు ముల్లును సన్నగా కదుపుతూ, గరగరల నడుమ ఆ వాక్యాన్ని వెదికే చేతులు చాలా ఉన్నాయి. పాస్టరు నెలకొకసారి గాని రాలేని పల్లెకు ఆ గొంతే ఆదివారపు ఆరాధన. ఆ సంస్థలు ఉత్తరం రాసిన ప్రతివారికీ జవాబు రాశాయి, పాఠాలు పంపాయి. తన పేరు మీద ఒక కవరు రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి అయిన సందర్భాలు తక్కువేమీ కావు. విజయవాడ కేంద్రపు పావుగంట వంతులో పట్టని ఆకలి ఈ దూరపు కేంద్రాల దగ్గరకు వెళ్లిందని మనం ఒప్పుకోవాలి. ఉషశ్రీ గారికి రాసిన కార్డు, సీషెల్స్ కేంద్రానికి రాసిన ఉత్తరం ఒకే పోస్టు డబ్బాలో పడ్డాయి. రెండింటి వెనకా ఉన్నది వింటూ వింటూ మాట్లాడాలనిపించిన మనిషే.

కొల్లేటి లంకల దగ్గరకు వస్తే నేను మొదట చెప్పిన ఎడం స్పష్టంగా కనిపిస్తుంది. కృష్ణా గోదావరుల నడుమ, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని పట్టి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే ఈ సరస్సు ఐదో కాంటూరు దగ్గర 308 చదరపు కిలోమీటర్లు. దాని లంకల్లో బతికే వడ్డీలకు, దళితులకు తమదైన ఆదివారం లేకున్నా తమదైన వినికిడి ఉంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింటమ్మ జాతరకు పడవల మీద వెళ్లే పాట ఉంది, వల లాగేటప్పటి పదం ఉంది, గాలి వాటాన్ని బట్టి నీటిని చదివే మాట ఉంది. ఆకాశవాణి జానపద సంగీత విభాగం, గ్రామీణ కార్యక్రమం అప్పుడప్పుడు ఆ గొంతులను పిలిచాయి. కాని నాటకమూ ప్రసంగమూ ధర్మసందేహమూ నిలిచిన ఆదివారపు పెద్ద వేళల్లో కొల్లేరు గురించి మాట్లాడినవారున్నారు గాని కొల్లేరు మాట్లాడలేదు. యాస సభ్యమైనది కాదన్న భావం ఒక కారణం. రాసి చదవాలన్న నియమం మరో కారణం. చదువు రానివాడు ప్రతి ఎలా ఇస్తాడు? స్టూడియో విజయవాడలో ఉండటం మూడో కారణం, అది చిన్నదేమీ కాదు. రోజు కూలి వదులుకుని రెండు పడవలు, ఒక బస్సు మారి పావుగంట మాట్లాడటానికి ఎవరు వెళ్తారు?

ఇదే ఎడం తుపాను వేళా కనబడింది. 1977 నవంబరు 19 శనివారం సాయంత్రం తుపాను దివిసీమను ముంచింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ మరునాటి ఆదివారం ఈ తీరమంతా రేడియోకు చెవి ఒగ్గి కూర్చుంది. హెచ్చరికలు అంతకుముందు రేడియో చెబుతూనే ఉంది. నీటి గోడ లేస్తోందని చూసినవాడి గొంతు మాత్రం తరంగాల మీదికి ఎక్కే దారి లేదు. వినే దారి ఇటు నుంచి అటు వేశారు. అటు నుంచి ఇటు వేయలేదు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. సీషెల్స్ ప్రసారాలు 2003లో ఆగాయి, వెరితాస్ హ్రస్వతరంగాలు 2018లో ఆగాయి. విజయవాడ కేంద్రం ఉంది గాని ఆదివారం దానిది కాదు. గుడివాకలంకలో ఒక యువకుడు తన ఫోనుతో చర్చి ఆరాధనను లోకమంతటికీ చూపగలడు. తాడేపల్లిగూడెంలో ఒక నటుడు పద్యం పాడి రాత్రికల్లా అమెరికా తెలుగువారి మెప్పు పొందగలడు. పలికే హక్కు మన కళ్లముందే విశాలమైంది, నిజంగా సంతోషించవలసిందే. ఆ పాట విననివాడు వినే సందర్భం మాత్రం సన్నగిల్లింది. ఎవరి ప్రవచనం వారి చెవిలో ఉంది. రేడియో కట్టకుండా ఒక క్రీస్తు గీతం విన్న ఆ ఇల్లాలి మనుమరాలికి, తనకు కావలసిందే వడ్డించే యంత్రం దొరికింది. అన్నీ ఒకే వరసలో వచ్చిన ఆ పాత ఆదివారాన్ని తిరిగి తెస్తామన్న ఆశ నాకు లేదు.

చేయగలిగినది ఒకటుంది, అది ఊహ కాదు, చట్టబద్ధమైన అవకాశం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2006 విధానం స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో నడుపుకునే వీలు కల్పించింది. రెండేళ్లకే నాటి మెదక్ జిల్లా మాచనూర్‌లో దళిత మహిళలు తమ కేంద్రం పెట్టుకుని, తమ యాసలో, ప్రతి రాయకుండా మాట్లాడి చూపించారు. కనీసం మూడేళ్లుగా నమోదై పనిచేస్తున్న సంస్థ దరఖాస్తు చేసుకోవచ్చని ఆ 2006 విధానం చెప్పింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకూ, కృషి విజ్ఞాన కేంద్రాలకూ అర్హత ఉంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. వంద వాట్ల ప్రసారిణి సుమారు పది పదిహేను కిలోమీటర్లు వినబడుతుంది. కైకలూరులో పెడితే కొల్లేటికోట, దాని చుట్టూ ఉన్న లంకలు ఆ పరిధిలోకి వస్తాయి. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి నియమావళిని పాటించాలి. పాత కట్టుబాట్లు పాతవే. కొత్తది ఒక్కటే: కార్యక్రమాల్లో కనీసం సగం ఆ ప్రాంతంలో, ఆ ప్రాంతపు మనుషుల భాగస్వామ్యంతో తయారుకావాలి. విజయవాడ కేంద్రం ఏ ఆదివారమూ తన మీద పెట్టుకోని షరతు అది.